మధ్యాహ్నం పూట తెరుచుకునే గేటు

చిరంజీవి బావమరిదికి,

మీ బావ స్టీరింగు వదిలేసి కలం పట్టుకుని రాసేది ఏమంటే, ఇక్కడ మీ అక్కా నేనూ కులాసా. అక్కడ నువ్వూ చెల్లెమ్మా కులాసాగానే ఉంటారని నమ్మకం.

రిటైరైనప్పట్నించీ నాకొక కొరత ఉండిపోయింది. డిపోలో ఉన్నన్నాళ్ళూ నేను బస్సు తెస్తుంటే గేటు దానంతట అదే తెరుచుకునేది. వాచ్‌మన్ తెరిచేవాడనుకో. కానీ స్టీరింగు ముందు కూర్చున్నవాడికి వాచ్‌మన్ కనిపించడు, తెరుచుకునే గేటే కనిపిస్తుంది. ఇంటి దగ్గర అలా కాదు. కారు ఆపాలి, దిగాలి, గేటు తొయ్యాలి, ఎక్కాలి, కారు లోపలికి తేవాలి, మళ్ళీ దిగాలి, గేటు ముయ్యాలి. ఇదంతా చేసి ఇంట్లోకి వెళ్తే మీ అక్క "పాలు తెచ్చారా?" అంటుంది. మళ్ళీ మొదలు.

అందుకని మోటారు గేటు పెట్టించాను. రిమోటు నొక్కితే చాలు, కొత్త అల్లుడికి దారి ఇచ్చినట్టు పక్కకి జరుగుతుంది. పని చేసినవాణ్ణి మా వీధిలో సర్దుబాటు మేస్త్రి అంటారు. వంటింట్లో మిక్సీ ప్లగ్గులోంచి వైరు లాగి, కిటికీలోంచి బయటికి తీసి, గోడ మీదుగా గేటు దాకా తెచ్చాడు. మధ్యలో చాలకపోతే ఇంకో ముక్క కలిపి టేపు చుట్టాడు. "ఇలా ఉండొచ్చా?" అన్నాను. "సర్దుకుంటుంది సార్" అన్నాడు.

గేటు బాగుంది. చిన్న చిన్న సంగతులున్నాయంతే. తాకితే వేళ్ళలో జివ్వుమంటోంది. మొన్న నేను కారు లోపలికి తెస్తుంటే గేటు పూర్తిగా జరగకుండానే ఆగిపోయి కారు ఎడమ చెవి, అదే అద్దం, విరగ్గొట్టింది. ఇక మూడోది వింత. మధ్యాహ్నం భోంచేసి ఒక కునుకు తీసి లేచేసరికి గేటు బార్లా తెరిచి ఉంటోంది. ఎవరూ నొక్కరు, ఎవరూ రారు.

నువ్వు కరెంటు శాఖలో తనిఖీ ఇన్‌స్పెక్టరువి కదా. ఓసారి ఫోను చేసి ఏం చెయ్యాలో చెప్పు.

ఇట్లు,
మీ బావ

తా.క. రిమోటు రెండు ఇచ్చారు. ఒకటి నా జేబులో ఉంది. రెండోది మీ అక్కకిచ్చాను, టీవీది అనుకుని అవతల పారేసింది.

మరో తా.క. తమ్ముడూ, అక్కని. పారెయ్యలేదు. ఇంకోటి, నేను మిక్సీ వేస్తే గేటు వణుకుతోంది, గేటు కదిలితే మిక్సీ ఆగిపోతోంది. మీ బావ ఇంటికి రావాలంటే నేను పచ్చడి రుబ్బడం ఆపాలి.

*

గౌరవనీయులైన బావగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివాక నాకు అన్నం సయించలేదు.

ఫోను చెయ్యమన్నారు. కరెంటు సంగతులు నేను ఫోనులో చెప్పను. ఒకసారి ఒకాయనతో స్విచ్చు "తియ్యి" అంటే "వెయ్యి" అని విన్నాడు. మనిషికేం కాలేదు గానీ ఇప్పటికీ నేను ఎదురొస్తే అటు తిరిగి వెళ్ళిపోతాడు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. నిదానంగా, రెండుసార్లు చదవండి.

ముందు ఆ మిక్సీ ప్లగ్గు పీకెయ్యండి. వేళ్ళలో జివ్వుమనేది చక్కిలిగిలి కాదు, కరెంటు. ఎక్కడో లీకేజీ ఉంది. మోటారుకి తప్పకుండా ఎర్త్ వేయించండి. ఎర్త్ లేకుండా ఏ మోటారూ ఉండకూడదు. మెయిన్ బోర్డు నుంచి గేటుకి విడిగా లైను రావాలి, దానికి లీకేజీ కనిపెట్టి ఆపేసే బ్రేకరు ఉండాలి. గోడ మీద వేలాడే వైరు పనికిరాదు. మంచి గట్టి కేబుల్ తెప్పించి రెండడుగుల లోతున భూమిలో పాతించండి. గేటు పక్కన తడి అస్సలు ఉండకూడదు. ఆ మేస్త్రిని మళ్ళీ గడప తొక్కనివ్వకండి.

అద్దం విరిగిందంటే గేటుకి సెన్సరు లేదన్నమాట. మనిషో కారో అడ్డం ఉంటే గేటు ఆగాలి. మధ్యాహ్నం తెరుచుకోవడం కూడా ఈ చెత్త వైరింగు వల్లే అయి ఉంటుంది.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. అక్కా, తడి చేత్తో గేటు ముట్టుకోకు. పొడి చేత్తో కూడా ముట్టుకోకు. అసలు దాని వైపు చూడకు.

*

చిరంజీవి బావమరిదికి,

నీ ఉత్తరం అందింది. నీ దస్తూరి మెచ్చుకోవాలి, చీమలు పెళ్ళికి వెళ్తున్నట్టుంది. అయినా పట్టుబట్టి చదివి, నువ్వు చెప్పినవన్నీ అక్షరం పొల్లుపోకుండా చేశాను.

లీకేజీ ఉందన్నావు కదా, ప్లంబర్ని పిలిపించాను. గేటు ముందు ఇంత గొయ్యి తవ్వి "ఎక్కడా లీకేజీ లేదు సార్" అన్నాడు. "మా బావమరిది ఉందన్నాడు, ఉండి తీరాలి" అన్నాను. ఇంకొంచెం తవ్వితే పైపు పగిలింది. ఇప్పుడు లీకేజీ ఉంది. నువ్వన్నది నిజమే.

మోటారుకి ఎరువు వెయ్యమన్నావు. ఎరువు లేకుండా ఏ మోటారూ ఉండకూడదని మరీ మరీ రాశావు. నాకు వింతగానే తోచింది, కానీ చదువుకున్నవాడివి. తోటమాలిని అడిగితే బండెడు పశువుల ఎరువు తెచ్చి మోటారు చుట్టూ పోశాడు. మోటారు సంగతి తెలీదు గానీ, వీధి వీధంతా మేం ఎక్కడుంటామో కళ్ళు మూసుకుని చెప్పేస్తోంది.

గట్టి టేబుల్ తెప్పించి భూమిలో పాతించమన్నావు. కొత్తది ఎందుకని, వరండాలో మీ అక్క కుట్టుమిషను పెట్టుకునే టేకు టేబుల్ తీసుకెళ్ళి పాతించాను. రెండడుగులు కదా, కాళ్ళు మునిగి పైచెక్క బయట ఉంది. గట్టిగా, ఊగకుండా ఉంది. కానీ దాంతో కరెంటు ఎలా వెళ్తుందో నాకింకా అంతుపట్టలేదు.

ఇక దడి. గేటు పక్కన దడి అస్సలు ఉండకూడదన్నావని, మాకూ పక్కింటి పళ్ళ డాక్టరు గారికీ మధ్య ఉన్న మొక్కల దడి మొత్తం కొట్టించేశాను. అది డాక్టరు గారు ప్రాణంలా పెంచుకున్న దడిట. వచ్చి నిలబడి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. పళ్ళ డాక్టరు కదా, పళ్ళు కొరకడం వినిపించింది.

ఇంత చేసినా గేటు మధ్యాహ్నం తెరుచుకుంటూనే ఉంది. మిక్సీ ప్లగ్గు పీకలేదులే. పీకితే గేటు తెరుచుకోదు కదా.

ఇట్లు,
మీ బావ

తా.క. నీ రూళ్ళు కొంచెం ఖర్చు తక్కువవి ఉంటే రాయి.

మరో తా.క. తమ్ముడూ, నా కుట్టుమిషను ఇప్పుడు నేల మీద ఉంది. నేనూ నేల మీదే కూర్చుని కుడుతున్నాను. మీ బావ నిన్న పొద్దున వీధి చివర పోస్టు డబ్బాని పలకరించి, బదులు చెప్పలేదని నొచ్చుకుని వచ్చారు. నువ్వు ఏం రాసినా కొంచెం పెద్ద అక్షరాలతో రాయి.

*

గౌరవనీయులైన బావగారికి,

నమస్కారాలు. ఈ ఉత్తరం ఆఫీసులో కంప్యూటరు మీద కొట్టించి పంపుతున్నాను. ఇక చీమలూ లేవు, పెళ్ళీ లేదు.

ఎరువు కాదు బావగారూ, ఎర్త్. టేబుల్ కాదు, కేబుల్. దడి కాదు, తడి. లీకేజీ అంటే కరెంటు లీకేజీ. పశువుల ఎరువు వేస్తే మోటారు ఏపుగా పెరిగి కాయలు కాస్తుందనుకున్నారా? మీ ఉత్తరం మా ఆఫీసులో నేను చదువుతూ నవ్వితే, పక్క సీటాయన తీసుకుని చదివి, తర్వాత పై ఆఫీసరు తీసుకుని చదివారు. ఆయన గదిలోంచి వచ్చిన శబ్దం ఏడుపో నవ్వో తేల్చుకోలేకపోయాం.

ఇక మీరేమీ చెయ్యకండి. మీ ఊళ్ళోనే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ అమ్మాయి ఒకామె ఉంది. పని తెలిసిన మనిషి. ఆమెకి అన్నీ చెప్పి పంపిస్తున్నాను. విడి లైను, బ్రేకరు, ఎర్త్, కేబుల్, సెన్సరు అన్నీ తనే చూసుకుంటుంది. రిమోటు సంకేతం అందుకునే పెట్టెకీ సెన్సరుకీ వెళ్ళే సన్న వైర్లు కరెంటు కేబుల్‌తో ఒకే గొట్టంలో పెట్టదు. మోటారు పక్కనే ఒక స్విచ్చు పెడుతుంది. బాగుచేసేటప్పుడు దాన్ని ఆపి తాళం వేసి, ఆ తాళంచెవి జేబులో వేసుకోవాలి. అప్పుడు లోపల్నించి ఎవరూ పొరపాటున కరెంటు వెయ్యలేరు.

ఒక అనుమానం. పక్కింటివాళ్ళకి కూడా రిమోటు గేటు ఉంటే, రెండింటికీ ఒకే కోడ్ ఉందేమో మర్యాదగా అడగండి. వాళ్ళు నొక్కినప్పుడు మీది తెరుచుకుంటూ ఉండొచ్చు.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. అక్కా, ఈసారి నువ్వు చదివి ఆయనకి వినిపించు.

*

బావమరిదికి,

ఈసారి ఆశీస్సులు కొంచెం తక్కువగా అందుకో. నీ మూలంగా నేను పళ్ళ డాక్టరు ముందు పరువు పోగొట్టుకున్నాను.

మీ అక్క చదివి వినిపిస్తానంది. నాకేం చదవడం రాదా అని నేనే చదివాను. "రెండింటికీ ఒకే కోడి ఉందేమో మర్యాదగా అడగండి" అని శుభ్రంగా అచ్చులో ఉంది. నాకూ ఒక పన్ను సలుపుతోంది, రెండు పనులూ కలిసొస్తాయని ఆయన క్లినిక్కే వెళ్ళాను. కుర్చీలో పడుకోబెట్టి నోట్లో అద్దం పెట్టారు. ఆ నోటితోనే మర్యాదగా అడిగాను.

"డాక్టరు గారూ, మీ ఇంట్లో కోడి ఉందా?"

"లేదండీ. నోరు ఇంకొంచెం తెరవండి."

"మరి మా గేటు ఎవరు తెరుస్తున్నట్టు?"

ఆయన అద్దం తీసేసి నా మొహంలోకి చూశారు. "కోడి మీ గేటు తెరుస్తోందంటారా?"

"నేననడం కాదు, మా బావమరిది అంటున్నాడు. పెద్ద ఇన్‌స్పెక్టరు. ఒకే కోడి రెండు గేట్లకీ పనిచేస్తుందిట."

"మా గేటుకి మోటారే లేదు. నేను చేత్తో తీసుకుంటాను," అని, చాలా నెమ్మదిగా, "దడి కూడా మీ బావమరిదే తీయించమన్నాడా?" అన్నారు. అవునన్నాను. పన్ను పీకేశారు. అది పీకాల్సిన పన్నేనని ఆయనంటున్నారు. నమ్మక ఏం చేస్తాను?

ఇంటికొచ్చాక మీ అక్క అది కోడి కాదు, కోడ్ అంది. అలాంటప్పుడు గుడి లేకుండా రాసేవాడివి గదా!

నువ్వు పంపిన ఎలక్ట్రీషియనమ్మాయి వచ్చింది. పాతిన టేబుల్ చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. తర్వాత "ఇది ఏ రూలు సార్?" అంది. "మా బావమరిది రూలు" అన్నాను. ఆమె తలూపి టేబుల్ పీకించింది. కాళ్ళకి చెదలు పట్టలేదు, ఎరువు మహిమ. ఆ తర్వాత పని మాత్రం చూడముచ్చటగా చేసింది. కాలవ తవ్వి కేబుల్ పాతింది, దాని మీద ఇసుక పోసి ఇటుకలు పేర్చింది, మళ్ళీ ఎవడైనా తవ్వితే ముందు ఇటుక తగలాలట. మిక్సీ పాటికి మిక్సీ, గేటు పాటికి గేటు. జివ్వుమనడం పోయింది. సెన్సరు ముందు కాలు పెడితే గేటు టక్కున ఆగిపోతోంది.

అన్నీ నీ రూలు ప్రకారమే ఉన్నాయి. మరి ఇది విను. గొయ్యి పూడ్చిన మర్నాడే నేను కారు తెస్తుంటే గేటు వచ్చి రెండో అద్దం కూడా కొట్టేసింది. మధ్యాహ్నం తెరుచుకోవడం మానలేదు. పైగా ఇప్పుడు కారు బానెట్ కూడా వేడెక్కుతోంది. నీడలో ఉన్న కారు ఎందుకు వేడెక్కాలి? గేటులోంచి కరెంటు కారులోకి దిగుతోందని నా అనుమానం. రాత్రికల్లా చల్లారిపోతోంది.

సరే, ఇదేదో తేల్చేద్దామని నిన్న మధ్యాహ్నం మోటారు పక్క స్విచ్చు ఆపేసి, తాళం వేసి, తాళంచెవి తలగడ కింద పెట్టుకుని పడుకున్నాను. లేచి చూద్దును కదా, తాళం వేసినట్టే ఉంది, తాళంచెవి తలగడ కిందే ఉంది, గేటు బార్లా తెరిచి ఉంది! కరెంటు లేకుండా తెరుచుకునే గేటుకి నీ దగ్గర ఏ రూలుంది?

ఇట్లు,
ఒక పన్ను తక్కువైన
మీ బావ

తా.క. సర్దుబాటు మేస్త్రి దారిలో కనిపించి, గేటుకి దిష్టి తగిలిందేమో అన్నాడు. నీ శాఖవాళ్ళకంటే వాడే నయం, ఒక కారణమైనా చెప్పాడు.

మరో తా.క. తమ్ముడూ, నా టేబుల్ వచ్చేసింది. కడిగాను. ఇంకా కడుగుతున్నాను.

*

గౌరవనీయులైన బావగారికి,

నమస్కారాలు. కొంచెం కటువుగా రాస్తే మన్నించండి, నా పరువు కూడా ఇందులో చిక్కుకుంది. "మీ బావగారి గేటు ఎలా ఉంది?" అని ఇప్పుడు ఆఫీసు క్యాంటీను వాడు కూడా అడుగుతున్నాడు.

కారులోకి కరెంటు దిగడం లేదు. బానెట్ వేడెక్కాలంటే ఇంజను తిరగాలి. స్విచ్చు ఆపి తాళం వేస్తే ఆ మోటారు కదలదు. అది మాత్రం నేను రాసిస్తాను. కరెంటు లేనప్పుడు గేటు తియ్యడానికి ఒక్కటే దారి. మోటారు పక్కన చిన్న మూత ఉంటుంది, దాన్ని ఒక తాళంచెవితో తెరిచి మీట లాగితే గేటు చేత్తో తోసుకోవచ్చు. ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

ఇంకొకటి. రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. ఎలక్ట్రీషియనమ్మాయి నాకు చెప్పింది, గేటు అంచు మీద ఉన్న గీతలన్నీ గేటు పూర్తిగా తెరుచుకుని ఆగి ఉన్నప్పుడు పడ్డవేనట. గేటు వచ్చి కారుని కొట్టలేదట. బావగారూ, గేటు మీ మీదకి వచ్చిందా, మీరు గేటు మీదకి వెళ్ళారా?

వచ్చే వారం సెలవు పెట్టి మీటరూ టెస్టరూ పట్టుకుని నేనే వస్తున్నాను.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. దిష్టి సంగతి మా రూళ్ళ పుస్తకంలో లేదు. ఉంటే ముందు నాకే తీయించుకునేవాణ్ణి.

*

ఇన్‌స్పెక్టరు గారికి,

కొండ మలుపుల్లో, వానలో, పొగమంచులో బస్సు నిండా జనాన్ని పెట్టుకుని జీవితమంతా నడిపినవాణ్ణి. ఒక్కడి ఒంటి మీద గీత పడనివ్వలేదు. నేను నా ఇంటి గేటుని గుద్దానా? నీ చేతకాని వైరింగు కప్పిపుచ్చుకోవడానికి నా డ్రైవింగు మీద నింద వేస్తావా? నువ్వు రానక్కర్లేదు. నీ మీటరు కూడా రానక్కర్లేదు. ఆ గేటు సంగతి నేనే తేలుస్తాను. ఇవాళ నిద్రపోయినట్టు నటించి పట్టుకుంటాను.

ఇట్లు,
బావ అని పిలిపించుకోవడం ఇష్టంలేని
మీ బావ

తా.క. చెల్లెమ్మని అడిగానని చెప్పు. ఆమె మీద నాకేం కోపం లేదు.

మరో తా.క. తమ్ముడూ, టిక్కెట్టు అప్పుడే కొనకు. నేను రాస్తాను. పాపం ఆ గేటు తప్పేమీ లేదు.

*

తమ్ముడికి,

అక్క దీవెనలు. ఈసారి ఉత్తరం మొత్తం నాదే. మీ బావ పక్క గదిలో ఒక కంటికి పట్టీతో పడుకుని, నేనేం రాస్తున్నానో కలం చప్పుడు బట్టి కనిపెట్టాలని చూస్తున్నారు. కంగారు పడకు, అంతా మంచే జరిగింది.

నువ్వడిగిన ఆ చిన్న తాళంచెవి నా దగ్గరే ఉంది. మధ్యాహ్నం గేటు తెరిచేది నేనే. బానెట్ వేడెక్కించేది కూడా నేనే. కారు నడపడం నేర్చుకున్నాను.

పెళ్ళైన కొత్తలో ఒకసారి మీ బావ నాకు నేర్పబోయారు. నేను క్లచ్ మీద కాలు పెట్టేలోపే ఆయన నోటితో బ్రేకులన్నీ వేసేశారు. నేను దిగి ఇంటికి నడిచాను. ఆయన నా వెనకే నెమ్మదిగా కారు నడుపుకుంటూ వచ్చారు. ఆ పాఠం అక్కడితో సరి.

ఇప్పుడు మళ్ళీ ఎందుకు మొదలుపెట్టానంటే, ఆయన కళ్ళు. కొన్నాళ్ళుగా కనిపెడుతున్నాను. కాఫీ కప్పు చేత్తో తడుముకుంటున్నారు, పేపరు ఎండలోకి తీసుకెళ్ళి పట్టుకుంటున్నారు. కళ్ళ డాక్టరు మాట ఎత్తితే, "నా కళ్ళకేం, ఎదురొచ్చే లారీ నంబరు ఫర్లాంగు దూరం నుంచి చదువుతాను" అనేవారు. ఇప్పుడు లారీ పక్కనుంచి వెళ్ళిపోయాక గానీ అది లారీ అని తెలియడం లేదు. కారు ఆపించడానికి తాళాలు లాక్కోవచ్చు. కానీ జీవితమంతా ఇంతమందిని క్షేమంగా దింపిన చేతుల్లోంచి తాళాలు లాక్కుంటే మనిషి ఏమైపోతారోనని భయమేసింది. ముందు నేను నేర్చుకుని, ఆ పైన అడుగుదామనుకున్నాను.

పళ్ళ డాక్టరు గారి భార్య నేర్పింది. లెర్నింగు లైసెన్సు తీసుకుని, మీ బావ కునుకు తీసే వేళకి బయల్దేరేవాళ్ళం. తిరిగొచ్చాక కంగారులో రిమోటు ఎక్కడ పెట్టానో తెలిసేది కాదు, గేటు అలాగే వదిలేసి ఇంట్లోకి పరిగెత్తేదాన్ని. స్విచ్చుకి తాళం వేసిన రోజు మాత్రం ఇద్దరం కలిసి గేటు తోశాం. డాక్టరమ్మ గోరు ఒకటి విరిగింది.

నువ్వు రాసినవి ఆయన తప్పు చదివిన ప్రతిసారీ నాకు తెలుసు. తెలిసే నోరు మూసుకున్నాను. గేటు ముందు గొయ్యీ ఎరువు దిబ్బా ఉన్నన్నాళ్ళూ ఆయన కారు తియ్యలేదు కదా! ఆ రోజుల్లో డాక్టరమ్మ కారులోనే నేర్చుకున్నాను, అది గేటు బయటే ఆగేది. దడి పోయాక ఆమె మా ఇంటికి రావడానికి దారి కూడా దగ్గరైంది. ఆయన ఇంకో నాలుగు టేబుళ్ళు పాతినా ఊరుకునేదాన్ని. నీ ఎలక్ట్రీషియనమ్మాయి వచ్చి చకచకా గొయ్యి పూడ్చేసేసరికి, పని బాగుందని సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. మర్నాడే రెండో అద్దం పోయింది. అప్పట్నించీ పొద్దున్నే కారు తాళాలు నా పెట్టెలో "కనిపించకుండా" పోయేవి.

నీకు కోపంగా రాసిన రోజు ఆయన నిజంగానే నిద్ర నటించారు, అది తెలిసే నేను బయల్దేరాను. లేచి బయటికొస్తే గేటు తెరిచి ఉంది, కారు లేదు. దొంగలనుకుని ఊతకర్ర పట్టుకుని గేటు మధ్యలో నిలబడ్డారట. లైసెన్సు వచ్చాక మొదటిసారి ఒంటరిగా వెళ్ళి నేను వీధి మలుపు తిరిగేసరికి ఎదురుగా కర్ర ఎత్తుకుని ఆయన. నెమ్మదిగా ఆపాను. కుదుపు లేదు.

"దిగరా దొంగవెధవా!" అన్నారు.

"దొంగవెధవని కాదు, నేను," అన్నాను.

కర్ర అలాగే పైన ఉంది. దగ్గరికొచ్చి, వంగి, నా మొహం దాకా మొహం పెట్టి చూశారు. అంత దగ్గరికి వస్తే గానీ నేనని తెలియలేదు తమ్ముడూ. నాకు నవ్వాలనిపించలేదు.

"దిగు," అన్నారు ఈసారి మెల్లగా.

"దిగను. మీరు ఎక్కండి."

ఏమనుకున్నారో, ఎక్కారు. పక్క సీటులో ఎప్పుడూ కూర్చోని మనిషి, కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇబ్బంది పడ్డారు. నేను ఎక్కడికో చెప్పలేదు, ఆయన అడగలేదు. నోటితో ఒక్క బ్రేకు కూడా వెయ్యలేదు. పెద్ద రోడ్డు మీద ఆసుపత్రి ముందు ఆపాను. ఆయన కిటికీలోంచి బోర్డు వైపు చూసి, "పళ్ళ ఆసుపత్రికెందుకు? పక్కింట్లోనే ఉన్నాడుగా," అన్నారు.

"అది పళ్ళ కాదండీ. కళ్ళ."

కళ్ళు చికిలించి బోర్డు వైపు మళ్ళీ చూశారు. తర్వాత, "నీకెప్పట్నించి తెలుసు?" అన్నారు.

"మీరు కాఫీ కప్పు తడుముకున్నప్పట్నించి."

"నాకు అంతకంటే ముందే తెలుసు," అన్నారు. "స్టీరింగు కూడా పోతే నేనింక ఎందుకు పనికొస్తానా అని ఊరుకున్నాను."

చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాను. రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఇన్నాళ్ళు ఈ కళ్ళతో కారు నడిపారా అని అక్కడి కళ్ళ డాక్టరమ్మాయి గట్టిగా చీవాట్లు పెట్టింది. మీ బావ చిన్నపిల్లాడిలా తలొంచుకుని విన్నారు. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండోదానికి వచ్చే నెల. కుదిరాక పరీక్ష చేసి, నడపొచ్చో లేదో చెబుతారట. అప్పటిదాకా డ్రైవర్ని నేనే. లైసెన్సు కూడా ఉంది కదా.

నీ రూళ్ళ గురించి చిన్నబుచ్చుకోకు. ఆ మేస్త్రి వైరింగే ఉండి ఉంటే, మొన్నటి వానలో తడిసొచ్చి గేటు పట్టుకున్న రోజున నీకు ఈ ఉత్తరం రాయడానికి నేను ఉండేదాన్ని కాదేమో. సెలవు పెట్టావు కదా, రా. మీటరు వద్దు, మరదల్ని తీసుకురా. స్టేషనుకి నేనే వచ్చి తీసుకొస్తాను.

ఇట్లు,
నీ అక్క

తా.క. బావమరిదీ, బావని. ఒంటికన్నుతో రాస్తున్నా, వంకరగా ఉంటే సర్దుకో. నీ మీద కోపం పోయింది. పోయిన పన్ను మాత్రం పోయినట్టే. ఒక రహస్యం చెబుతాను, నీలోనే ఉంచుకో. మీ అక్క చాలా బాగా నడుపుతోంది. మూడో గేరు నుంచి నాలుగులోకి వేస్తే నాకే తెలియలేదు. మా డిపోలో అలా వేసేవాళ్ళు ఇద్దరే ఉండేవాళ్ళు, రెండోవాడు నేను కాదు. ఈ మాట ఆవిడకి తెలిస్తే ఇంట్లో ఉండలేను. అందుకే ఆవిడ చదవకుండా కవరు నేనే అంటిస్తున్నాను.

మరో తా.క. కవరు అంటించారు సరే, పోస్టు డబ్బా దాకా కారు నడిపేది నేనే కదా తమ్ముడూ. దారిలో ఆపి, కవరు విప్పి చదివాను. మళ్ళీ చదివాను.